కొవ్వాడలో ఒక మధ్యాహ్నం

మొన్న శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వెళ్లాను. 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కట్టాలని తలపెట్టిన తీరమది. భౌతికశాస్త్రం చదువుకున్నవాణ్ణి, అక్కడివాళ్ల భయం తీర్చగలననుకున్నాను. వాడిన ఇంధనాన్ని శుద్ధి చేశాక మిగిలే తీవ్ర రేడియోధార్మిక వ్యర్థాన్ని గాజులో కలిపి గడ్డకట్టిస్తారనీ, తారాపూర్, కల్పాక్కంలలో ఆ ఏర్పాట్లున్నాయనీ, బొగ్గు పొగకు పోయే ప్రాణాలే ఎన్నో రెట్లు ఎక్కువనీ చెప్పాను.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చేయి ఆపకుండానే అంతా విన్నారు.

"ఆ గాజుకి ఎన్నాళ్లు కాపలా కాయాలి బాబూ?"

వేల ఏళ్లు అన్నాను. ఆయన అదేమీ తప్పుపట్టలేదు.

"ఎక్కడో కాలనీలో ఇల్లిస్తామంటున్నారు. అక్కడ పడవ ఎక్కడ కట్టుకోవాలి?"

ఇలాంటి ప్రశ్నను మనం అజ్ఞానం కింద జమకట్టేస్తాం. అది చాలా అన్యాయం. 2011లో ఫుకుషిమా ప్రమాదం తరువాత రేడియేషన్ కంటే ఊళ్లు ఖాళీ చేయించడం వల్లనే, ఆ అవస్థలతోనే ఎక్కువమంది, ముఖ్యంగా వృద్ధులు, చనిపోయారు. అణువిద్యుత్తును సమర్థిస్తూ నేను ఎన్నోసార్లు వాడిన లెక్క అది. ఊరు విడిచి వెళ్లాల్సిన ఆ మనిషి ముందు మాత్రం దాన్ని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.