మూడు బెల్టులు మోసినవాళ్లు

చిన్నప్పుడు ట్రంప్ కార్డుల్లో రెజ్లర్ల ఎత్తూ బరువూ బట్టీపట్టిన బ్యాచ్ నాది. ఛాంపియన్ అంటే నడుముకి ఒక బెల్టు, అంతే అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత ఒక పాత జపాన్ మ్యాచ్ చూస్తుంటే, గెలిచినవాడికి మూడు బెల్టులు ఇచ్చారు. నిలబడటానికే ఓపిక లేని మనిషి వాటిని ఎలా మోయాలో తెలియక అలాగే గుండెకి హత్తుకున్నాడు. ఆ దృశ్యం చూసే నేను ఆల్ జపాన్ ట్రిపుల్ క్రౌన్ టైటిల్ వెంట పడ్డాను.

ఆ మూడూ మూడు వేర్వేరు టైటిళ్లు. ఇంటర్నేషనల్ టైటిల్‌ని 1958లో లాస్ ఏంజెలిస్‌లో లూ థెజ్ మీద జపాన్ రెజ్లర్ రికిడోజాన్ గెలిచాడు. యుద్ధంలో ఓడిన జపాన్ టీవీల ముందు గుమిగూడి చూసింది ఆయన్నే. రెండోది యునైటెడ్ నేషనల్, 1971లో ఆంటోనియో ఇనోకి గెలిచినది. మూడోది పీడబ్ల్యూఎఫ్, 1973లో జెయింట్ బాబాతో మొదలైంది. బాబా, ఇనోకి ఇద్దరూ రికిడోజాన్ శిష్యులే, 1972లో చెరో రెజ్లింగ్ కంపెనీ పెట్టుకుని జీవితాంతం పోటీపడ్డారు. బాబాది ఆల్ జపాన్. అంటే గురువుదీ, ఇద్దరు శిష్యులదీ టైటిళ్లు చివరికి బాబా కంపెనీలో ఒక్కచోట చేరాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే.

కలపడం కూడా అంత తేలిగ్గా జరగలేదు. 1988 ఏప్రిల్‌లో టైటిళ్లు కలపడానికి బ్రూజర్ బ్రోడీ, టెన్ర్యూ అనే రెజ్లర్లు తలపడితే, రిఫరీ లెక్క ముగిసేలోపు ఇద్దరూ రింగ్‌లోకి తిరిగి రాక కౌంట్ అవుట్ అయ్యారు, ఏమీ తేలలేదు. ఏడాది తర్వాత, 1989 ఏప్రిల్ 18న టోక్యోలో జంబో త్సురుటా స్టాన్ హాన్సెన్‌ని ఓడించి మూడూ పట్టుకున్నాడు. త్సురుటా 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కుస్తీ పట్టిన మనిషి.

రెజ్లింగ్‌లో ఫలితం ముందే నిర్ణయిస్తారు కదా, అందులో ఏముంది అని అడిగేవాళ్లకి నేను ఆల్ జపాన్ రెజ్లర్లు మిసావా, కవాడాల కథే చెప్తాను. ఇద్దరూ ఒకే హైస్కూల్ కుస్తీ టీమ్, మిసావా ఒక ఏడాది సీనియర్. 1990 మే 14న, అప్పటిదాకా టైగర్ మాస్క్ అనే ముసుగు పాత్రలో ఆడిన మిసావా మ్యాచ్ మధ్యలో ఆ ముసుగు తీసేయాలనుకుంటే దాని ముడి విప్పింది పక్కనే ఉన్న కవాడా. మిసావా 1992 ఆగస్టు 22న హాన్సెన్ మీద గెలిచి మూడు బెల్టులూ అందుకున్నాడు. ఆ తర్వాత కవాడా వాటి కోసం అతని మీదకి ఎన్నిసార్లు వచ్చినా ఓటమే. 1994 జూన్ 3న టోక్యోలోని బుడోకాన్ హాల్లో 35 నిమిషాలకు పైగా కొట్టుకున్నారు, చివర్లో మిసావా అతన్ని మెడ మీద పడేలా కుదేసినప్పుడు నేను నిజంగానే కుర్చీలోంచి లేచిపోయాను. అదే ఏడాది అక్టోబర్‌లో కవాడా ఈ టైటిల్ గెలిచాడు, కానీ స్టీవ్ విలియమ్స్ మీద. ఈ టైటిల్ మ్యాచ్‌లో మిసావాని ఓడించింది మాత్రం 1998 మే 1న, టోక్యో డోమ్‌లో. ఎవరు ఎప్పుడు గెలవాలో నిర్ణయించేది బాబానే, ఇన్నేళ్లు ఆగేలా చేసిందీ ఆయనే. ఆ ఓపిక ఇప్పుడు ఎవరికుంది?

1999 జనవరిలో బాబా పోయాడు. 2000లో మిసావా దాదాపు అందరినీ తీసుకుని వెళ్లి నోవా అనే కొత్త కంపెనీ పెట్టాడు, ఆల్ జపాన్‌లో జపాన్ రెజ్లర్లలో కవాడా, ఫుచీ మాత్రమే మిగిలారు. ఖాళీ అయిన ఇంట్లో దీపం పెట్టినట్టు కవాడా నిలబడ్డాడు, 2003 నుంచి 2005 వరకు ఆ టైటిల్‌ని పదిసార్లు కాపాడుకున్నాడు. మిసావా 2009లో హిరోషిమాలో రింగ్‌లోనే కుప్పకూలి చనిపోయాడు, ఆ మ్యాచ్ నేను ఇప్పటికీ చూడలేదు, చూడను.

2013లో ఆ మూడు బెల్టులనీ బాబా భార్య మొటోకోకి తిరిగి ఇచ్చేసి, వాటి బదులు ఒకే బెల్టు చేయించారు. మోయడానికి సులువే. నాకు మాత్రం మూడే కావాలి.

కొత్తగా చూడాలనుకునేవాళ్లు 1990 జూన్ 8న త్సురుటా మీద మిసావా గెలిచిన మ్యాచ్‌తో మొదలుపెట్టండి. దానికి బెల్టులు పెట్టలేదు, అయినా ముందు అదే చూడాలి. తర్వాత 1992, 1994, 1998. వరస మార్చకండి.