సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్: పాపులేషన్ ఎకాలజీ నాకు పట్టుబడిన తీరు

సైన్సు పరిశోధన, అధ్యాపక అర్హతలకు జరిగే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ ఫలితాలు వచ్చాయి; లైఫ్ సైన్సెస్‌లో నాకు పరిశోధన ఫెలోషిప్ అయిన జేఆర్‌ఎఫ్ దక్కింది. ఈ వాక్యం రాయగలుగుతున్నందుకు ఎంతో సంతోషంగా, మనసుకు తేలికగా ఉంది. ఏ పుస్తకాలు చదివావు, రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నావు అని చాలామంది మిత్రులు అడుగుతున్నారు. ఆ వివరాలు అందరి అనుభవాల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, సిలబస్ పదో యూనిట్‌లోని పాపులేషన్ ఎకాలజీ, అంటే జీవుల జనాభా ఎలా పెరుగుతుందో, తగ్గుతుందో చెప్పే అధ్యాయం, నాకు ఎలా పట్టుబడిందో మాత్రమే వివరంగా చెబుతాను.

వెర్‌హుల్‌స్ట్ 1838లో ప్రతిపాదించగా, 1920లో పెర్ల్, రీడ్ మళ్లీ వెలుగులోకి తెచ్చిన లాజిస్టిక్ సమీకరణం, అంటే జనాభా పెరిగి ఒక హద్దు దగ్గర ఆగే తీరును చెప్పే సూత్రం, ఈ పరీక్ష రాసే మనందరికీ కంఠతా వచ్చు. ఎస్ ఆకారపు వక్రరేఖను ఎవరైనా గీస్తారు. పార్ట్ సీలోని నాలుగు మార్కుల ప్రశ్న మాత్రం నిలువు అక్షాన్ని మార్చి, అదే విషయాన్ని వేరే రూపంలో మన ముందు పెడుతుంది. తలసరి వృద్ధి రేటును నిలువు అక్షం మీద, జనాభాను అడ్డ అక్షం మీద ఉంచి గీసుకున్నప్పుడు నాకు ఈ అధ్యాయం చిక్కు విడిపోయింది. అక్కడ ఉన్నది ఆర్ (అడ్డు లేనప్పటి తలసరి వృద్ధి రేటు) దగ్గర మొదలై, కే (ఆ చోటు పోషించగల జనాభా) దగ్గర సున్నాను తాకే వాలుగీత ఒక్కటే. ఆర్ 0.4, కే 1,000 అనుకోండి. జనాభా 200 ఉన్నప్పుడూ, 800 ఉన్నప్పుడూ మొత్తం వృద్ధి రేటు 64 మాత్రమే. 500 దగ్గర అది 100కు చేరుతుంది, అదే గరిష్ఠం. మొదటి రెండు సందర్భాల్లో మొత్తం ఒకటే అయినా తలసరి రేటు ఒకచోట 0.32, మరోచోట 0.08. హద్దు లేని ఎక్స్‌పొనెన్షియల్ వృద్ధిలో ఈ గీత వాలకుండా సాగిపోతుంది, జనాభా మరీ తక్కువైతే వృద్ధి కుంటుపడే అల్లీ ప్రభావం ఉంటే ఎడమ కొసన కిందికి వంగుతుంది.

జనాభా పెరిగేకొద్దీ తలసరి రేటును తగ్గించే ఆ వాలే నియంత్రణకు ఆధారం. పశువులకు నొప్పి తగ్గించేందుకు వాడిన డైక్లోఫెనాక్ మందు పశువుల కళేబరాల ద్వారా మన దేశపు రాబందులను దాదాపు తుడిచిపెట్టింది. అయితే రాబందులు పలుచబడినంత మాత్రాన ఆ విషం ప్రభావం తగ్గలేదు. అందువల్ల దాన్ని జనాభాను తగ్గించిన కారకం అనాలే తప్ప, నియంత్రించిన కారకం అనకూడదు.

ఈ గీతను నిజమైన జంతువుల మీద పరీక్షించాలని నేను ఎంచుకున్న ఉదాహరణ అలాస్కాకు చెందిన సెయింట్ మాథ్యూ దీవి. 1944లో అక్కడ 29 రెయిన్‌డీర్లను వదిలారు. వాటిని వేటాడే తోడేళ్లు ఆ దీవిలో లేవు. 1957 నాటికి అవి 1,350, 1963 నాటికి 6,000 అయ్యాయి. 1966లో మిగిలినవి 42. నేను కాగితం మీద లెక్కకట్టి చూస్తే, మొదటి పదమూడేళ్లలో ఏడాదికి సుమారు 0.30 ఉన్న తలసరి రేటు తరువాతి ఆరేళ్లలో 0.25 దగ్గరే నిలిచింది. అంటే పతనానికి ముందు వరకు గీత దాదాపు వాలనే లేదు. చలికాలంలో వాటికి ఆహారమైన లైకెన్లు (రాళ్ల మీద, నేల మీద నెమ్మదిగా పెరిగే నాచు లాంటి జీవులు) ఏళ్ల తరబడి పేరుకున్న నిల్వ. గాదెలో పాత ధాన్యం ఉన్నంత కాలం ఆ ఏడాది పంట చాలడం లేదన్న సంగతి ఇంట్లో తెలియనట్టే, ఆ మందకు కొరత ఆలస్యంగా తగిలింది. ఈలోగా లైకెన్లు తరిగి కే విలువే పడిపోయింది. ఆర్‌ను కాలవిలంబంతో, అంటే కొరత ప్రభావం కనిపించడానికి పట్టే ఆలస్యంతో, గుణించినప్పుడు 1.57 దాటితే జనాభా కే దగ్గర నిలవక దాని చుట్టూ ఊగుతూనే ఉంటుందన్న నియమం ఎందుకో ఆ తరువాతే నాకు అర్థమైంది.

ఒక్క అధ్యాయం మీద ఇంత కాలం వెచ్చించడం దండగని, బయోకెమిస్ట్రీ చూసుకోమని తోటివారు చాలాసార్లు హెచ్చరించారు. వారి మాట వినకపోవడమే మంచిదైందని ఈ రోజు గట్టిగా చెప్పగలను. ఐదు అంశాలను పైపైన తడమడం కంటే ఒకదాన్ని ఎవరు ఏ వైపు నుంచి అడిగినా చెప్పగలిగేలా చదవడమే క్రమశిక్షణ అని నేను నమ్ముతాను. పండుగలకు ఊరికి వెళ్లినా తెల్లవారుజామున లెక్కల పుస్తకం తెరిచేవాణ్ణి. మీరూ ఆ అలవాటును వదలకండి.

మిగతావి త్వరగానే సర్దుకున్నాయి. విడివిడి చోట్ల ఉండి, రాకపోకలతో కలిసిన చిన్న జనాభాల గురించి చెప్పే లెవిన్స్ మెటాపాపులేషన్ నమూనా కూడా లాజిస్టిక్ రూపమే. ఆర్, కే ఎంపికలను (వేగంగా ఎక్కువ పిల్లల్ని కనే జీవులు, కిక్కిరిసిన చోట పోటీని తట్టుకునే జీవులు) ఆ గీత రెండు కొసలుగా చూస్తే చాలు.

మీరు తప్పక చూడవలసిన మరో ఉదాహరణ స్కాట్లండ్‌లోని సెయింట్ కిల్డా గొర్రెలు. 1932లో సోయ్ దీవి నుంచి 107 గొర్రెలను హిర్టా దీవికి తరలించారు. అక్కడి గడ్డి వసంతంలో మళ్లీ మొలుస్తుంది కనుక మంద కూలినా తిరిగి కోలుకుంటుంది. మంద పలుచగా ఉన్న ఏడాది చలికాలపు గాలివానలకు పెద్దగా నష్టం ఉండదు. కిక్కిరిసిన ఏడాది అవే గాలివానలు పిల్లలను, మగవాటిని ఎక్కువగా బలితీసుకుంటాయి. అందుకే వాతావరణం ఎప్పుడూ సాంద్రతతో సంబంధం లేని కారకమేనని చెప్పే ఆప్షన్ కనిపిస్తే, ప్రశ్నలో ఆ ఏటి జనాభా ఎంతో చూడకుండా దాన్ని జవాబుగా గుర్తించకండి.