ట్యాంకు మూత ఎత్తి చూసినాయన

ఆదివారం, రాత్రి పదకొండు.

పొద్దున పదింటికి పార్కింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మీటింగుకి కూర్చున్నాం. లేచేసరికి ఒంటిగంటన్నర. పదిహేను ఫ్లాట్లకు పదకొండు ఫ్లాట్ల వాళ్లు వచ్చారు. 302 ఓనరు డల్లాస్ నుంచి వాట్సాప్ కాల్‌లో ఉన్నారు. హైదరాబాద్ నిజాంపేటలో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చి తొమ్మిదేళ్లయింది, వినాయక చవితికి తప్ప ఇంతమందిమి ఒకచోట కూర్చున్నది లేదు.

ఇన్నాళ్లూ అన్నీ మాస్టారే చూసుకున్నారు. రిటైరైన దగ్గర్నుంచి ఆరేళ్లు సెక్రటరీగా ఉన్నారు, రూపాయి తీసుకోలేదు. వచ్చే నెల బెంగళూరులో వాళ్లమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఆయన తర్వాత ఎవరంటే అందరూ పక్కవాళ్ల వైపే చూశారు. నేను ట్రెజరర్‌ని, కానీ ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి రోజూ తొమ్మిదవుతుంది. అందుకే అపార్ట్‌మెంట్ పనులన్నీ చూసే ఏదైనా ఏజెన్సీకి అప్పగిద్దాం అనుకున్నాం.

నా మటుకు నాకు ఆ సంగతి పోయిన నెలే తెలిసొచ్చింది. నాలుగో అంతస్తు ఆంటీ లిఫ్టులో ఇరుక్కుపోయారు. మాస్టారు ఊళ్లో లేరు. మెకానిక్ నంబరు ఆయన ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆయన ఫోన్ కలవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఆంటీకి షుగర్. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. గ్రిల్ సందులోంచి వేళ్లు బయటికి పెట్టి "అమ్మాయ్, ఉన్నావా?" అని అడుగుతూనే ఉన్నారు. నేను నేల మీద కూర్చుని ఆ వేళ్లు పట్టుకుని ఉండిపోయాను. చల్లగా, చెమటతో తడిసిపోయి ఉన్నాయి. లిఫ్టు ఏఎంసీ, అంటే ఏడాదికోసారి చేసుకునే సర్వీసు ఒప్పందం, అయిపోయి రెండు నెలలైందని మర్నాడు తెలిసింది. మాస్టారిని అనడానికి మనసొప్పదు. డెబ్భై ఏళ్ల మనిషి మీద మొత్తం వదిలేసింది మేమే.

మూడు ఏజెన్సీలను పిలిచాం. మొదటిది పెద్ద కంపెనీ. వచ్చినతను మా హాల్లో సోఫాలోంచి లేవలేదు, లాప్‌టాప్ తెరిచి ఆప్ చూపించాడు. ఇద్దరు మనుషులు, సూపర్‌వైజర్, అన్నీ కలిపి నెలకు 31,000. కింద చిన్న అక్షరాల్లో జీఎస్టీ అదనం. 18 శాతం కలిపితే 36,580. మెయింటెనెన్స్ కింద మాకు వచ్చేదే 45,000, అందులో కామన్ కరెంటు బిల్లు, లిఫ్టు, జనరేటర్ డీజిల్, ఎండాకాలం ట్యాంకర్లు అన్నీ వెళ్లాలి. పైగా డబ్బు వాళ్ల ఖాతాలోనే కట్టాలట. అక్కడే వద్దనుకున్నాను. రెండో ఆయన ఫోన్లోనే రేటు చెప్పి, బిల్డింగ్ చూడ్డానికి కూడా రాలేదు.

మూడో ఆయన ఈ చుట్టుపక్కల ఏడెనిమిది అపార్ట్‌మెంట్లు చూస్తాడు, ముప్ఫైమంది దాకా పనివాళ్లున్నారు. టీ తాగమంటే "ముందు పైకెళ్లొద్దామమ్మా" అన్నాడు. టెర్రస్ మీద చెప్పులు విడిచి ట్యాంకు ఎక్కి మూత ఎత్తాడు. ఫోన్ లైటు వేసి లోపల చాలాసేపు చూశాడు. గోడ మీద వేలితో గీసి, ఆ వేలు నా ముందు పెట్టాడు. ఆకుపచ్చ పాచి. నేను రోజూ పిల్లలకి స్నానం చేయించే నీళ్లు. "మోటారు ఎవరు ఆపుతారు?" అన్నాడు. వాచ్‌మన్ చూసి ఆపితే ఆగుతుంది, ఆయన ఏ పనిలోనైనా ఉంటే పొంగిపోతుంది అని చెప్పాను. ఏప్రిల్లో రోజుకు రెండు ట్యాంకర్లు కొని, అందులో కొంత డ్రైనేజీలోకి వదులుతున్నామన్నమాట. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే సెన్సర్ ముందు పెట్టించండి అన్నాడు. తర్వాత వరసగా అడిగాడు. బోరు ఎన్ని అడుగులు, సంపు ఎప్పుడు కడిగారు, లిఫ్టు ఏఎంసీలో స్పేర్ పార్టులు కలిసి ఉన్నాయా లేదా, మంటలార్పే సిలిండర్ల తేదీ ఎప్పటిదాకా ఉంది. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. సొంత ఇల్లు అని చెప్పుకుంటాం.

నిన్న సాయంత్రం 201 వాళ్లూ నేనూ ఆయన చూసే ఒక అపార్ట్‌మెంట్‌కి చెప్పకుండా వెళ్లాం. ట్యాంకర్ ఎన్నింటికి వచ్చిందో రిజిస్టర్లో సంతకంతో సహా ఉంది. అక్కడి వాచ్‌మన్‌ని జీతం ఏ తారీఖున ఇస్తారని అడిగాను. "ఐదు దాటదమ్మా" అన్నాడు. నాకు అన్నిటికంటే ఆ మాటే ధైర్యాన్నిచ్చింది.

ఈరోజు అసలు గొడవంతా మా వాచ్‌మన్ గురించే. ఏజెన్సీ వస్తే ఆయన్ని పంపించేసి కొత్తవాళ్లను పెట్టుకోవచ్చని ఒకరిద్దరు అన్నారు. నేను గట్టిగానే మాట్లాడాను. ఆయన, ఆయన భార్య ఈ బిల్డింగ్‌ని కంటికి రెప్పలా కాశారు. కరోనా రోజుల్లో గేటు దగ్గర మా కూరగాయల సంచులన్నీ మోసింది వాళ్లే. 14,000 ఇస్తున్నాం, ఆ డబ్బులోనే ఆమె మెట్లు, పార్కింగ్ ఊడ్చాలి. ఆమెకంటూ విడిగా జీతం లేదు. ఈ మాట ఇన్నేళ్లలో నేనూ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆయన ఏజెన్సీ ఉద్యోగుల లెక్కలోకి వస్తే పీఎఫ్ (ముందుముందుకు దాచే డబ్బు), ఈఎస్ఐ (ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి వైద్యం) ఉంటాయి. కానీ పీఎఫ్‌కి 12 శాతం, ఈఎస్ఐకి 0.75 శాతం జీతంలోంచి పోతే 1,785 తగ్గుతుంది. "చేతికి ఎంతొస్తుందమ్మా?" అని ఆయన మొన్నే అడిగాడు. ఊళ్లో పిల్లాడి హాస్టల్ ఫీజు ఆయన లెక్క. అందుకే కోత పోయినా ఇప్పుడొచ్చేది తగ్గకుండా జీతం పెంచాలన్నాను. అది, ఏజెన్సీ ఫీజు 6,000, జీఎస్టీ అన్నీ వేస్తే ఫ్లాటుకు వెయ్యి దాకా పడుతుంది. మెయింటెనెన్స్ 3,000 నుంచి 4,000. గోల మొదలైంది. మనమూ జీఎస్టీ కట్టాలేమో అని ఒకాయన భయపడ్డారు. నెలకు మనిషికి 7,500 దాటి, ఏడాది మొత్తం 20 లక్షలు దాటితే కదా, 4,000 చేసినా మనది ఏడున్నర లక్షల లోపే అని నచ్చజెప్పాను. 103లో అద్దెకుంటున్న అమ్మాయి మాత్రం ఏమీ అనలేదు. ఓటు లేకపోయినా కట్టేది ఆమే. ఓనరు సగం భరిస్తే బాగుంటుందని నేనే ఫోన్ చేసి చెప్పాలి.

చివరికి మూడో ఆయనకే ఇద్దామంటే పదిమంది సరే అన్నారు. పదకొండు నెలల అగ్రిమెంటు, నెల ముందు నోటీసు. డబ్బు మా అసోసియేషన్ ఖాతాలోనే, చెక్కు మీద మావాళ్లలో ఇద్దరి సంతకాలు, ఆయన బిల్లులు తెచ్చి చూపించాలి. ప్లాను, బోరు కాగితాలు, లిఫ్టు ఏఎంసీ ఒరిజినల్స్ మా దగ్గరే. వాచ్‌మన్ గది వాళ్లదే.

సాయంత్రం మాస్టారు ఫోన్ తీసుకొచ్చారు. లిఫ్టాయన, మోటారాయన, ట్యాంకరాయన, ఒక్కొక్క నంబరూ ఆయన చదువుతుంటే నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నలభై ఏడు నంబర్లు. ఇద్దరు చనిపోయారట, వాళ్లవి కొట్టేయమన్నారు.

ఇందాక తొమ్మిదింటికి వాచ్‌మన్, ఆయన భార్య పైకొచ్చారు. పాలిథిన్ కవర్లో నాలుగు ఆధార్ కార్డులు పట్టుకొచ్చారు. ఆ ఈఎస్ఐ ఆసుపత్రి కార్డులో అత్త పేరు కూడా ఎక్కుతుందా అని ఆమె అడిగింది. ఆయన మీద ఆధారపడి ఉన్న తల్లి కాబట్టి ఎక్కుతుందనే అన్నాను, రేపు ఏజెన్సీ ఆయన్ని మరోసారి కనుక్కోవాలి. కవరు ఇంకా టేబుల్ మీదే ఉంది.