ఎమ్మెల్యే పనుల నివేదిక అచ్చులోకి తేవడం: నా అనుభవం

మా ఎమ్మెల్యే గారి పనుల నివేదిక నిన్న సాయంత్రం ప్రెస్ నుంచి వచ్చింది. 48 పేజీలు. ఏ ఊళ్లో ఏ పని పూర్తయింది, ఏది సగంలో ఆగింది, ఏది అసలు మొదలే కాలేదు, డబ్బు ఏ పద్దులోంచి వచ్చింది, అన్నీ గ్రామాలవారీగా ఉన్నాయి. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలున్నారు. ఓటేసిన వాళ్లకు ఇలా లెక్క రాసివ్వాలని వాళ్లను నిర్బంధించే చట్టమేదీ లేదు. ఇచ్చేవాళ్లు ఇష్టపడి ఇవ్వాల్సిందే. మా సార్ ఇష్టపడ్డారు, ఆ పని నాకు అప్పజెప్పారు. ఒక ఆఫీసు మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తున్నాను.

నేను క్యాంపు కార్యాలయంలో పనిచేస్తాను. అంతకుముందు చాలాకాలం మండల విలేకరిని. ఎవరి దగ్గర ఏ కాగితం ఉంటుందో కొంత తెలుసు కాబట్టే ధైర్యంగా ఒప్పుకున్నాను.

అసెంబ్లీ భాగం తేలిగ్గా అయిపోయింది. సార్ అడిగిన ప్రశ్నలూ వాటికి వచ్చిన జవాబులూ ఆయన దగ్గరే ఫైల్లో ఉన్నాయి. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగానే వస్తుంది. జీరో అవర్‌లో మాట్లాడినవి వేరే పేజీలో పెట్టాను. మా పెద్ద చెరువు తూము గురించి సార్ అడిగారు, మంత్రి పరిశీలిస్తామన్నారు, తూము మాత్రం అలాగే ఉంది. ఆ మూడు ముక్కలూ అలాగే రాశాను.

కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కుల విషయంలో ఒక్కరోజు వాదన నడిచింది. చెక్కు అందుకుంటున్న వాళ్ల ఫొటోలు, పేర్లు వేద్దామని మా వాళ్లే కొందరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. కల్యాణలక్ష్మి కింద ఆడపిల్ల పెళ్లికి వచ్చే 1,00,116 రూపాయలు ప్రభుత్వ పథకం డబ్బు. అర్హత ఉన్న ఇంటికి రావాల్సినది వచ్చింది, అంతే. ఎమ్మెల్యే చేతుల మీదుగా అందినంత మాత్రాన ‘ఎమ్మెల్యే ఇచ్చారు’ అని రాయడం తప్పు. సహాయనిధి చెక్కు తీసుకున్న మనిషికి ఏ జబ్బు చేసిందో ఊరందరికీ తెలియాల్సిన పని అంతకంటే లేదు. మండలంవారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని ఆగి ఉన్నాయి, ఇంతవరకే వేశాను. ఇలాంటి పుస్తకం వేసేవాళ్లెవరైనా ఈ ఒక్క మాట మాత్రం వినండి: పేదవాళ్ల ముఖాలతో పేజీలు నింపకండి.

ఇక పనుల జాబితా. నా ప్రాణం తీసింది ఇదే.

సీడీపీ నిధులతో, అంటే నియోజకవర్గ అభివృద్ధి నిధులతో, ఒక పని జరగాలంటే ఎమ్మెల్యే ప్రతిపాదన రాసిస్తారు. అది జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసుకు వెళ్తుంది. పరిపాలనా అనుమతి ఇస్తూ ఉత్తర్వులు (ప్రొసీడింగ్స్) వస్తాయి. అక్కణ్నుంచి పంచాయతీరాజ్ ఇంజినీర్లకో, మరో శాఖకో పోతుంది. వాళ్లు ఎస్టిమేటుకు సాంకేతిక అనుమతి ఇచ్చి పని పెట్టిస్తారు. జరిగినంత పనిని కొలిచి కొలతల పుస్తకంలో, అంటే ఎం.బుక్‌లో ఎక్కిస్తారు. దాని మీదే బిల్లు అవుతుంది. కాబట్టి పని నిజంగా ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే ఎం.బుక్ చూడాలి, శిలాఫలకం కాదు.

కలెక్టరేట్‌లో ప్రొసీడింగ్స్ నకళ్లు మర్యాదగా ఇచ్చారు. అక్కడ ఒక సీనియర్ అసిస్టెంట్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పని పేరు ఎక్కడ ఉంటుంది, మంజూరైన మొత్తం ఎక్కడ, పని చేసే శాఖ ఎక్కడ అని వేలు పెట్టి చూపించారు. ఆయన మేలు మరిచిపోను. పంచాయతీ కార్యదర్శుల్లో చాలామంది ఫోన్‌లోనే వివరాలు చెప్పారు. ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే పొంతనే లేదు. ఒకచోట పూర్తయిందని ఉన్న పని ఇంకోచోట పురోగతిలో ఉంది. ఒకే సీసీ రోడ్డు రెండు పేర్లతో ఉంది. తేల్చాల్సింది ఇంజినీర్లే.

ఆ ఇంజినీరింగ్ ఆఫీసు ఏ ఊళ్లో ఉందో రాయను. లోపలికి వెళ్లి నమస్తే చెప్పి, ఫలానా జాబితాలో పనుల ప్రస్తుత స్థితి కావాలని అడిగాను. అధికారి తలెత్తలేదు. ఎదురుగా కుర్చీల్లో ముగ్గురు కాంట్రాక్టర్లు కూర్చుని చాయ్ తాగుతున్నారు. నన్ను కూర్చోమన్న వాళ్లు లేరు. చాలాసేపటికి ఆయన నా కాగితం అందుకుని, చదివి, కాంట్రాక్టర్ల వైపు చూసి, "గీ మేడమ్ మన పనులు చెక్ చేస్తదంట" అన్నాడు. వాళ్లు నవ్వారు.

"ఎమ్మెల్యే గారి నివేదిక కోసం సార్," అన్నాను.

"నివేదికకు ఫొటోలు కావాలె, పేర్లు కావాలె. గీ కొలతలన్నీ నీకెందుకమ్మా? నువ్వేమన్న ఇంజినీర్వా? పేపర్ల రాసేటప్పుడు అలవాటైనట్టుంది, ఏదో ఒకటి పట్టుకోవాలని."

విలేకరిగా ఉన్నప్పుడు ఇంతకంటే పెద్ద మాటలు పడ్డాను. కానీ అప్పుడు నేనొక్కదాన్నే. ఈసారి నేను అడిగింది నా కోసం కాదు, ఆ పల్లెల్లో తిరిగే వాళ్ల కోసం. వాళ్ల డబ్బుతో కట్టిన గోడ ఎంత ఎత్తు లేచిందని అడిగితే, ఆ గోడ కట్టిన కాంట్రాక్టర్ల ముందు నిలబెట్టి నవ్వించాడు. ఆ గదిలోంచి బయటికి వచ్చాక మెట్ల దగ్గర కాసేపు ఆగిపోయాను. చేతులు వణికాయి. అవమానం కంటే కోపంతోనే ఎక్కువ.

మళ్లీ వెళ్తే ఎమ్మెల్యే గారి లెటర్ తెమ్మన్నారు. తీసుకెళ్లాను. లెటర్ మీద నంబరు లేదన్నారు. నంబరు వేయించి, ఉత్తరాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చాను. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సెలవులో ఉన్నాడన్నారు. ఏఈ వచ్చాక, రికార్డులు డివిజన్ ఆఫీసుకు పోయాయన్నారు. అక్కడ అడిగితే మా దగ్గరికి రాలేదన్నారు. చివరికి ఒక గుమస్తా గొంతు తగ్గించి, "సార్‌తోని ఒక్క ఫోన్ చేయించుండ్రి మేడమ్, పొద్దుమీకేలోపల ఇస్తం" అన్నాడు.

సార్ కూడా అదే అన్నారు, ఫోన్ చేస్తానని. నేనే వద్దన్నాను. రేపు ఈ నివేదిక చదివిన రైతెవరైనా ఇందులో రాసింది నిజమా కాదా అని సరిచూసుకోవాలనుకుంటే, అతని వెనక ఎమ్మెల్యే ఫోన్ ఉండదు. ఫోన్ చేస్తేనే బయటికొచ్చే లెక్క జనం లెక్క ఎలా అవుతుంది? సార్ కాసేపు నన్ను చూసి, "సరే, నీ దారిలోనే పో" అన్నారు. ఆ మాటకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

ఓటరు హోదాలో, నా సొంత పేరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. 2005 చట్టం ఆరో సెక్షన్ ప్రకారం తెలుగులో రాయొచ్చు, ఎందుకు అడుగుతున్నామో కారణం చెప్పనక్కర్లేదు. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. పని పేర్లన్నీ రాసి, ఒక్కో దానికి ఎం.బుక్ నకలు, చెల్లించిన బిల్లు మొత్తం, చివరి కొలత తేదీ అడిగాను. దరఖాస్తులో ‘పూర్తి వివరాలు ఇవ్వగలరు’ లాంటి మాటలు రాయకండి. ఏ కాగితం కావాలో దాని పేరే రాయండి. వివరణ అడిగితే తప్పించుకుంటారు, రికార్డు అడిగితే తప్పించుకోవడం కష్టం.

చట్టం ఇచ్చిన 30 రోజుల గడువు దాటాక జవాబు వచ్చింది: సమాచారం విస్తృతంగా ఉన్నది, సిబ్బంది కొరత వల్ల ఇవ్వలేము. ఏడో సెక్షన్ తొమ్మిదో ఉపసెక్షన్ కింద అట. ఆ ఉపసెక్షన్ చెప్పేది అది కాదు. అడిగిన రూపంలో ఇవ్వడం ఆఫీసుకు మరీ భారమైతే వేరే రూపంలో ఇవ్వొచ్చంటుంది. అసలే ఇవ్వొద్దనదు. అదే రాసి పై అధికారికి మొదటి అప్పీలు వేశాను. తిరస్కరణ అందాక దానికి 30 రోజుల గడువుంటుంది. ఆయన ఇద్దరినీ పిలిచి విన్నాడు. రికార్డు తనిఖీకి అనుమతించమని రాతపూర్వకంగా ఆదేశించాడు. గడువు దాటింది కాబట్టి నకళ్లకు రుసుము తీసుకోకూడదని అదే సెక్షన్ ఆరో ఉపసెక్షన్ చూపించాను. ఒప్పుకోక తప్పలేదు. చదువుకున్న మనిషి చట్టం పుస్తకం చేతిలో పట్టుకుని వెళ్తే గదిలో గాలి మారిపోతుంది. ఇది గర్వంగానే చెబుతున్నాను.

నన్ను చూసి నవ్వించిన ఆ గదిలోనే బల్ల వేసి ఎం.బుక్‌లు నా ముందు పెట్టారు. పొడవు, వెడల్పు, మందం, ఏఈ సంతకం, డీఈ (ఆ పై ఇంజినీరు) సరిచూసిన చెక్ మెజర్‌మెంట్. ఒక తండాలో కమ్యూనిటీ హాలు జాబితాలో పూర్తయిందని ఉంది. ఎం.బుక్‌లో చివరి కొలత లింటెల్ (తలుపుల పై దూలం) దాకా. ఆ పైన ఒక్క గీత లేదు. అడిగితే ఏఈ ఇబ్బందిపడుతూ అసలు విషయం చెప్పాడు. మంజూరైన మొత్తం అంతవరకే సరిపోయింది, ఇచ్చిన డబ్బు ఖర్చయిపోయింది కాబట్టి లెక్కలో ఆ పని పూర్తి. తండా వాళ్లకు మాత్రం అది కప్పు లేని నాలుగు గోడలు. జాబితాలు ఎందుకు కలవడం లేదో నాకు అప్పుడు తెలిసింది. ఆఫీసు లెక్కలో డబ్బు అయిపోతే పని అయిపోయినట్టు. ఊరి లెక్కలో తలుపు తీసి లోపలికి పోయి కూర్చోగలిగితేనే అయినట్టు. నేను ఊరి లెక్కే తీసుకున్నాను.

అచ్చుకు ఇచ్చేముందు చిత్తుప్రతిని గ్రామసభల్లో చదివించమని సార్‌ని అడిగాను. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటోంది కదా, ఆ సభకే ఈ కాగితం తీసుకెళ్లాం. ఒక ఊళ్లో ‘బోరు, మోటరు: పూర్తి’ అని చదవగానే వెనక నుంచి ఒక పెద్దావిడ లేచింది. "మోటరు కాలి ఎండకాలం మొత్తం బిందెలు మోసినం. పూర్తని ఎట్ల చదువుతవు బిడ్డా?" అంది. రికార్డు ప్రకారం అది పూర్తయిన పనే, బిల్లు కూడా అయింది. కానీ ఆమె అడిగింది న్యాయం. అప్పటికప్పుడు పట్టికలో ఇంకో గడి కలిపాను: ‘ఇప్పుడు వాడుకలో ఉందా?’ మా పుస్తకంలో అన్నిటికంటే విలువైన గడి అదే. దాన్ని పెట్టించింది ఆ పెద్దావిడ.

ఆ పక్కనే ‘డబ్బు ఎక్కడిది’ అన్న గడి కూడా ఉంది. ఊళ్లలో సీసీ రోడ్లు కొన్ని ఉపాధి హామీ సామగ్రి వాటాలోంచి వేసినవి, కొన్ని సీడీపీవి, కొన్ని ఎంపీ నిధులవి. ఒకే రోడ్డును ముగ్గురు తమదని చెప్పుకుంటారు. మా పుస్తకంలో ఎంపీ నిధుల పని ఎంపీ నిధులదే. అవతలి పార్టీ ఎంపీ అయినా సరే.

ఆ తర్వాత మా వాళ్లతో గొడవ. కాని పనుల పేజీలు తీసేయమని కొందరు నాయకులు సార్ మీద ఒత్తిడి తెచ్చారు. ఎదుటి పార్టీకి మనమే అస్త్రం ఇచ్చినట్టవుతుందన్నారు. అట్ట మీద ఎవరి ఫొటో ఎంత పెద్దగా ఉండాలన్నది ఇంకో పంచాయితీ. సార్ రెండూ ఒకే మాటతో తేల్చారు. అట్ట మీద ఎవరి ఫొటో వద్దు, చెరువు ఫొటో వేయండి. పూర్తికాని పనులూ ఉండాల్సిందే, ఎందుకు కాలేదో కూడా రాయండి. అచ్చు ఖర్చు ఆయన సొంతం, ఆ సంగతి వెనక అట్ట మీద ఉంది. ఎన్నికల కరపత్రాల మీద అచ్చువేసిన వాళ్ల పేరు, ప్రచురించిన వాళ్ల పేరు, చిరునామాలు ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. ఇది ఎన్నికల కరపత్రం కాదు, అయినా ఆ వివరాలు వేయించాను. పేరు లేని కాగితాన్ని జనం ఎందుకు నమ్మాలి?

పుస్తకం చేతికొచ్చాక మొదటి కట్ట ఆ తండాకే పంపాను. హాలు పైకప్పుకు మిగతా మొత్తం మంజూరు చేయమని సార్ కొత్త ప్రతిపాదన రాశారు, దాని నంబరు, తేదీ ఆ పేజీలోనే ఉన్నాయి. ప్రతి పంచాయతీ ఆఫీసులో ఒక ప్రతి, రేషన్ దుకాణం గోడ మీద ఆ ఊరి పేజీ ఒక్కటి అతికించమని చెప్పాం. పుస్తకం తెరవని వాళ్లు కూడా గోడ మీదిది చదువుతారు.

ఇలాంటి పని ఎవరైనా నెత్తికెత్తుకుంటే ఒక్క సూచన. మార్చి 31 నాటి స్థితిని లెక్కగా పెట్టుకోండి, కాగితాలు మాత్రం ఏప్రిల్ రెండో వారం దాటాక అడగండి. మార్చిలో బిల్లుల హడావుడి, ఎవరూ మీ మొహం చూడరు. ఇన్‌వార్డు నంబరు రసీదు మీద వేయించుకోకుండా ఏ ఆఫీసులోంచీ బయటికి రాకండి. మేం వచ్చే ఏటికి ఇప్పట్నుంచే మొదలుపెట్టాం. ఆ ఇంజినీరింగ్ ఆఫీసుకు లేఖ నిన్ననే పోయింది, నంబరుతో సహా.