గెకో తినడం లేదా? ముందు వేడి చూడండి

ఇంట్లో పెంచుకునే బల్లి లెపర్డ్ గెకో తిండి ముట్టకపోతే చాలామంది వెంటనే పురుగులు మార్చి చూస్తారు. అసలు ముందు చూడాల్సింది వేడి. ట్యాంక్‌లో ఒక పక్క నేల 31–33 డిగ్రీల సెల్సియస్, రెండో పక్క 24–26 ఉండాలి. వెచ్చదనం చాలకపోతే తిన్నది అరగదు, కక్కేస్తుంది కూడా. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా, ట్యాంక్ కింద వేడినిచ్చే హీట్ మ్యాట్ పెట్టారో, పొట్ట కాలుతుంది.

పెట్టేది బతికున్న పురుగులే. కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లు (ఒక రకం పెంకుపురుగు లార్వాలు) ఏవైనా సరే, గెకో రెండు కళ్ల మధ్య దూరం కన్నా వెడల్పు ఉండకూడదు. పిల్లలకు రోజూ, పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి. పురుగుల్ని కాల్షియం పొడిలో దొర్లించి వేయండి. కాల్షియం, విటమిన్ డి3 తగ్గితే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర్లు పోతాయి, ఆ వంకర మళ్లీ సరికాదు. మిగిలిన కీచురాళ్లను తీసేయండి, గెకోనే కొరుకుతాయి.

అందరూ మర్చిపోయేది వేళ్లు. కుబుసం విడిచాక ఒక్కో వేలూ దగ్గరగా చూడండి. సన్నటి తెల్లపొర వేలి చివర ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడక వేలు నల్లబడి రాలిపోతుంది. పొడిగా ఉండగా లాగొద్దు. లోతు తక్కువ గోరువెచ్చని నీళ్లలో 10–15 నిమిషాలు ఉంచి, తడి ఇయర్‌బడ్‌తో నిదానంగా దొర్లిస్తే ఊడొస్తుంది. తడి నాచు పరిచిన చిన్న డబ్బా ట్యాంక్‌లో ఎప్పుడూ ఉంటే ఇంతదాకా రాదు.

కొవ్వు దాచుకునేది తోకలోనే. తోక లావుగా ఉంటే నాలుగు రోజులు తినకపోయినా కంగారు వద్దు. సన్నబడుతుంటే మాత్రం ఆగకుండా సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.