ఎడమ పక్కటెముకల కింద

అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సాకర్ సీజన్ చాలా చిన్నది. ఆగస్టులో శిబిరం మొదలవుతుంది, నవంబరు మొదటి వారానికల్లా చాలా జట్లకు ఆట ముగిసిపోతుంది. మాది ఒహాయోలో మూడో డివిజన్ కాలేజీ. ఈ డివిజన్‌లో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఆట మీద ఇష్టం కొద్దీ ఆడతాం. రెండో సంవత్సరం సెప్టెంబరులో నేను మంచం పట్టినప్పుడు, తప్పిపోతున్న ఒక్కో మ్యాచ్‌కూ ప్రాణం విలవిల్లాడింది.

మొదట గొంతు నొప్పి, ఆ వెనకే జ్వరం. మెడకు రెండు వైపులా బిళ్ళలు కట్టాయి. క్లినిక్‌లో గొంతు చూసి బాక్టీరియా వల్ల అనుకుని అమాక్సిసిలిన్ రాశారు. కొద్ది రోజుల్లోనే ఛాతీ, వీపు, చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు తేలాయి. అసలు జబ్బును పట్టించింది ఆ దద్దుర్లే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ తెచ్చే మోనోన్యూక్లియోసిస్ (పొట్టిగా మోనో) ఉన్నవాళ్లకు ఆ మందు పడితే తరచూ ఇలా అవుతుంది. రక్త పరీక్షలో అదే తేలింది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. నీళ్లు, నిద్ర, జ్వరం మాత్రలు, అంతే.

ఆటగాళ్ల గాయాలు, ఆరోగ్యం చూసుకునే మా అథ్లెటిక్ ట్రైనర్ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల అంచున వేలు ఆనించి చూపించారు. ప్లీహం (స్ప్లీన్) మామూలుగా ఆ ఎముకల చాటునే ఉంటుంది. ఈ జబ్బులో అది ఉబ్బి కిందికి దిగుతుంది. బంతి కోసం ఎగిరినప్పుడు ఎవరి మోచెయ్యో గట్టిగా తగిలితే పగిలి, లోపలే రక్తం పోతుంది. ఎడమ భుజంలో కారణం లేకుండా నొప్పి పుడితే క్షణం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లమన్నారు. మొదటి మూడు వారాల్లో ముప్పు ఎక్కువ గనుక పరుగు కూడా వద్దన్నారు.

కబురు అందగానే అమ్మ కారేసుకుని వచ్చింది. మా ఇంట్లో ఏ జలుబుకైనా మొదటి మందు మిరియాల చారు. ఒక్క గుక్కకే నా కళ్ల వెంట నీళ్లు కారాయి. అమ్మ గిన్నె పక్కన పెట్టి, అన్నం మెత్తగా పిసికి, పాలు పోసి, కాస్త పెరుగు కలిపి చెంచాతో నోటికి అందించింది. "మెల్లగా మింగు తల్లీ" అంటూ ప్రతి చెంచాకూ ఆగింది. తను గుంటూరులో పెరిగినన్నాళ్లూ ఈ జబ్బు పేరే వినలేదంది. దానికి కారణం ఉంది. మన దేశంలో ఎక్కువ మందికి ఈ వైరస్ పసితనంలోనే సోకి, ఏ లక్షణమూ లేకుండానో మామూలు జలుబులాగానో పోతుంది. ఇక్కడ చాలామందికి యుక్తవయసు దాకా సోకదు. అప్పుడు సోకితే మనిషిని కూలేస్తుంది. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో ఈ వైరస్ జీవితాంతం నిద్రాణంగా ఉంటుంది. అమ్మకు ఊహ తెలియని వయసులో వచ్చి వెళ్లి ఉండవచ్చు. ఒహాయోలోనే పుట్టి పెరిగిన నాకు పంతొమ్మిదో ఏట వచ్చింది.

ఇక్కడి తెలుగు ఇళ్లలో దీని గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. కాలేజీ పిల్లలకు గొంతు నొప్పి తగ్గకుండా, మెడలో బిళ్ళలు కనిపిస్తే మోనో పరీక్ష చేయమని అడగండి. మొదటి వారంలో ఆ పరీక్ష జబ్బు లేదని పొరపాటుగా చూపించవచ్చు. అనుమానం తీరకపోతే మళ్లీ చేయించండి.

జ్వరం తగ్గాక అసలు కష్టం మొదలైంది. కాలికి కట్టు లేదు, చంకలో కర్ర లేదు. చూసేవాళ్లకు నేను నిక్షేపంగా ఉన్నాను. హాస్టల్ మెట్లు ఎక్కుతుంటే మాత్రం మధ్యలో కూర్చోవలసి వచ్చేది. మ్యాచ్‌లకు దుప్పటి కప్పుకుని బెంచీ మీద కూర్చుని షాట్లు, కార్నర్లు రాసేదాన్ని. నా స్థానంలో ఆడుతున్న మొదటి సంవత్సరం అమ్మాయి ముందుకు వెళ్లిన ప్రతిసారీ వెనక ఎడమవైపు ఖాళీ వదిలేస్తోంది. విరామంలో చెప్పాను. రెండో సగంలో సరిదిద్దుకుంది, గెలిచాం. ఆ సాయంత్రం సంతోషించాను, ఆమెను చూసి అసూయా పడ్డాను. రెండూ నిజమే. ఎప్పుడు తిరిగి వస్తావని కోచ్ ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన నాకు చేసిన మేలు అది.

డాక్టరు అనుమతించాక ముందు వ్యాయామ సైకిలు, తర్వాత నెమ్మదిగా పరుగు, ఆ తర్వాత ఎవరూ తగలకుండా బంతితో సాధన. మొదటిసారి ఒక అమ్మాయి భుజంతో నన్ను నెట్టినప్పుడు నా ఎడమ చెయ్యి దానంతట అదే పక్కటెముకల మీదికి వచ్చింది. ఆ భయం వదలడానికి ప్లీహం మానడం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

సొంత మైదానంలో చివరి మ్యాచ్‌లో, ఆఖరి పావుగంటకు నన్ను ఆటలోకి దించారు. కాన్ఫరెన్స్, అంటే మా కాలేజీల కూటమి, టోర్నమెంట్‌కు వెళ్లాలంటే గెలవాలి. 2022 నుంచి సాధారణ సీజన్ మ్యాచ్‌లకు అదనపు సమయం తీసేశారు, సమానంగా నిలిస్తే డ్రాయే. మాది 1-1తో ఆగింది. చివరి సంవత్సరం అమ్మాయిలు గడ్డి మీదే కూలబడి ఏడ్చారు. వాళ్ల పక్కన కూర్చునే శక్తి నాకు మిగిలింది, మాటలు మాత్రం రాలేదు.

జనవరి గడిచేదాకా మధ్యాహ్నం నిద్రపోకుండా ఒక్క రోజూ గడపలేకపోయాను. మరుసటి ఆగస్టు శిబిరం మొదటి రోజున ట్రైనర్‌ను అడిగి కొత్త నీళ్ల సీసాలు తెప్పించాను. ఇది లాలాజలంతో అంటుకునే జబ్బు. ఎవరి సీసా వారిదేనని అందరికీ చెప్పి, వాటి మీద పేర్లు నేనే రాశాను.