కాచి చల్లార్చిన నీళ్లు

2023 సంక్రాంతికి మేం డల్లాస్ నుంచి ఊరికి బయల్దేరినప్పుడు మా అమ్మాయికి ఆరేళ్లు, అబ్బాయికి మూడు. దారంతా నేను పిల్లలకు చెబుతూ వచ్చినవి రెండే మాటలు. తాగొద్దు, తినొద్దు. హైదరాబాద్‌లో విమానం మారేటప్పుడు చెప్పాను, రాజమండ్రిలో దిగి కారెక్కాక చెప్పాను. రావులపాలెం ముందు గౌతమి మీద వంతెన దాటుతుంటే మా అమ్మాయి కిటికీకి అతుక్కుపోయి చూస్తోంది. ఇది మన గోదావరి అని చెప్పాల్సిన చోట కూడా, "అక్కడ కుళాయి నీళ్లు నోట్లో పోసుకోకూడదు, గుర్తుందా?" అన్నాను.

మా పుట్టిల్లు అంబాజీపేట దగ్గర, కాలువ గట్టున. నేను ఆ కాలువ నీళ్లతోనే పెరిగాను. ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్లే చెరువులో నింపుకుని, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఊరంతా అవే తాగేవాళ్లం. ఇప్పుడు అందరిళ్లలోనూ ఇరవై లీటర్ల వాటర్ టిన్నులే. ఆ నీళ్లు మంచివే అయినా, టిన్ను మీద మూత తీసి గ్లాసు ముంచేసరికి చేతికున్నదంతా అందులోకి చేరుతుంది. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు అలవాటైన క్రిములు బయటి నుంచి వచ్చిన పసివాళ్లకు కొత్త. ప్రయాణాల్లో పట్టుకునే విరేచనాలకు ఎక్కువగా కారణం ఒక రకం ఈ.కోలై బ్యాక్టీరియా. అందుకని ఊళ్లోవాళ్లు ఏమీ కాకుండా తినేదే మన పిల్లలకు పడకపోవచ్చు. అందులో ఊరి తప్పూ లేదు, పిల్లల తప్పూ లేదు. ఈ మాట నాకు అప్పుడు తెలిసి ఉంటే పిల్లలకు వేరేగా చెప్పేదాన్ని.

భోగి రోజు రాత్రి అమ్మాయికి వాంతులు మొదలయ్యాయి. తెల్లారేసరికి ఆరుసార్లు నీళ్ల విరేచనాలు అయ్యాయి. మా తమ్ముడు మెడికల్ షాపు తెరిపించి ఆపిల్ రుచి ఉన్న డబ్బాలు నాలుగు తెచ్చాడు. వాటి మీద ఓఆర్‌ఎస్ అనే రాసి ఉంది, విరేచనాలతో ఒంట్లోంచి పోయిన నీళ్లూ ఉప్పూ మళ్లీ అందించడానికి తాగించేదన్నమాట. పిల్ల ఇష్టంగా తాగింది. హమ్మయ్య అనుకున్నాను. మధ్యాహ్నానికి విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి, పెదాలు ఎండిపోయాయి, ఏడిస్తే కళ్లలో నీళ్లు రావడం లేదు. పొద్దున్నుంచి ఒంటికి పోలేదని అప్పుడు గుర్తొచ్చింది. అమలాపురం తీసుకెళ్లాం. పిల్లల డాక్టరు గారు ఆ డబ్బా తిప్పి చక్కెర ఎంతుందో చూపించి, "ఇది జ్యూసమ్మా, ఓఆర్‌ఎస్ కాదు" అన్నారు.

అసలు ఓఆర్‌ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం కలిపిన పొడి. లీటరు నీళ్లకు 20.5 గ్రాముల ప్యాకెట్. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మిగతాది పొటాషియం, సిట్రేట్. పేగు గోడలు ఉప్పునూ గ్లూకోజునూ జతగా పీల్చుకుంటాయి, వాటి వెంటే నీళ్లూ లోపలికి వెళతాయి. చక్కెర మోతాదు మించితే తిరగబడుతుంది. ఒంట్లోని నీళ్లే పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. మా పిల్లకు జరిగింది అదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సరిపోకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లే తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఇంత చరిత్ర ఉన్న పేరును తియ్యటి డ్రింకులకు పెట్టి అమ్మడం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశంలో ఆహార పదార్థాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశాలిచ్చింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి. చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి, వాటిని 200 మిల్లీలీటర్లలోనే కలపాలి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం.

సాయంత్రం ఇంటికొచ్చాక డాక్టరు గారు చెప్పినట్టే చెంచాతో పట్టడం మొదలుపెట్టాను. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ ఒక్కో చెంచా. విరేచనం అయిన ప్రతిసారీ అరగ్లాసు నుంచి గ్లాసు దాకా. ఐదేళ్లలోపు పిల్లలకైతే దీంతో పాటు పది నుంచి పద్నాలుగు రోజులు జింక్ కూడా ఇస్తారట. మా అమ్మ పలచగా గంజి కాచి, ఉప్పు వేసి, ఊదుకుంటూ తెచ్చింది. మా అమ్మాయి మొహం తిప్పేసుకుంది.

"అమ్మమ్మ వాటర్ వద్దు. అమ్మ చెప్పింది."

అమ్మ ఏమీ అనలేదు. "సరేలే తల్లీ" అని గిన్నె పక్కన పెట్టి దొడ్లోకి వెళ్లిపోయింది. పిల్లకు విరేచనాలు మూడో రోజుకి తగ్గాయి. ఆ గంజి గిన్నె మాత్రం నా కళ్లముందు నుంచి పోలేదు.

అంతటితో అయిపోలేదు. మా అబ్బాయి విమానం ఎక్కేటప్పటికే ముక్కు కారుతోంది. చిన్న జలుబే కదా, టికెట్లు మార్చలేం కదా అనుకున్నాం. విమానం దిగేటప్పుడు చెవి నొప్పితో వాడు పెట్టిన ఏడుపు గుర్తుంది కానీ, ఆ జలుబు ఎవరికి అంటుకుంటుందో ఆలోచించలేదు. నాన్నగారికి ఉబ్బసం. మనవడు వచ్చిన రోజు నుంచీ ఒళ్లోంచి దింపలేదు. కనుమ నాటికి ఆయనకి దగ్గు, ఆయాసం. మేం తిరుగు ప్రయాణం అయ్యే రోజుకి కూడా రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతున్నారు. మా జాగ్రత్తలన్నీ ఊరి నుంచి మమ్మల్ని కాపాడుకోవడానికే. మేం మోసుకొచ్చినదాని నుంచి ఆ ఇంటిని కాపాడాలని నాకు తట్టనే లేదు.

మళ్లీ వెళ్లడానికి మూడేళ్లు పట్టింది. 2026 సంక్రాంతికి టికెట్లు కొన్నాక, మందులకంటే ముందు అమ్మకి ఫోన్ చేశాను. అప్పుడు పిల్లకి నేను చెప్పిన తీరు తప్పని చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే ఈసారి ఏం చేద్దామో చెప్పు" అంది. కాచిన నీళ్లు, వేడిగా వండినవి, చేతులు సబ్బుతో కడుక్కోవడం, ఒకరి గ్లాసు ఒకరు తాగకపోవడం అని చదివాను.

"ఇందులో కొత్తేవుందే? ఎంగిలి తాగొద్దని, కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి రమ్మని, అన్నం వేడిగా ఉన్నప్పుడే తినమని మీకు చిన్నప్పుడు చెప్పలేదా?"

నిజమే. నేను ఇంగ్లిషులో చదివి భయపడుతున్నవన్నీ మా ఇంట్లో తెలుగులో ఉన్నవే. చెంబు పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకుని తాగడం నాకు ఐదేళ్లకే వచ్చు. నా పిల్లలకి నేర్పలేదు. ఆ మధ్యాహ్నం నుంచి డల్లాస్ ఇంట్లోనే మొదలుపెట్టాం. స్టీలు చెంబుతో మొదటి వారం చొక్కాలన్నీ తడిశాయి. ఎంగిలి అనే మాటకి ఇంగ్లిషులో ఏమంటారని అమ్మాయి అడిగింది. సరిపోయే మాట దొరకలేదు. స్కూల్లో స్నేహితులకి కూడా "ఎంగిలి" అనే చెబుతోందిప్పుడు.

ఇక మందుల సంగతి. ప్రయాణానికి నెలా నెలన్నర ముందే పిల్లల డాక్టరుని కలవడం మంచిది. టైఫాయిడ్ టీకా కనీసం రెండు వారాల ముందు పడాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకి హెపటైటిస్ ఏ మామూలుగా వేసేస్తారు, అయినా రెండు డోసులూ పడ్డాయో లేదో చూసుకోవాలి. ఫ్లూ టీకా మేం నలుగురం వేయించుకున్నాం. నాన్నగారిని వాళ్ల డాక్టరుని అడగమంటే ఆయన కూడా వేయించుకున్నారు. మనవళ్ల కోసం సూది వేయించుకున్నానని ఊరంతా చెప్పుకున్నారట.

జ్వరం మందు దగ్గర మాత్రం అందరూ ఒక్కసారి ఆగండి. అమెరికాలో అసిటమినోఫెన్ అని అమ్మేదీ ఇండియాలో దొరికే పారాసిటమాలూ ఒకటే. తెలియక రెండూ వేసేవాళ్లను చూశాను. ఇంకో చిక్కు, సీసాల బలం వేరు. అమెరికా పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు. ఇండియాలో 120 ఉన్నవీ 250 ఉన్నవీ రెండూ దొరుకుతాయి. మా అబ్బాయి 20 కిలోలు. అమెరికా డబ్బా మీద వాడి బరువుకి రాసిన 7.5 మిల్లీలీటర్లే ఇండియాలోని 250 సిరప్‌తో పోస్తే 375 మిల్లీగ్రాములు అవుతుంది. కిలోకి 15 మిల్లీగ్రాములు దాటకూడదనే లెక్కన వాడికి 300 మించకూడదు. అందుకే అమెరికా సీసా, దాని కొలత సిరంజి రెండూ పట్టుకెళ్లాను. పిల్లల బరువులు పౌండ్లలోంచి కిలోల్లోకి మార్చి కాగితం మీద రాసి పెట్టుకున్నాను. అర్ధరాత్రి డాక్టరు అడిగితే లెక్కలు గుర్తుండవు. జ్వరం దేనివల్లో తేలేదాకా ఐబుప్రోఫెన్ ముట్టుకోకండి. డెంగీ అయితే రక్తస్రావం భయం ఉంటుంది. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కలిపి ఉన్న సిరప్‌లు కూడా ఉంటాయి కాబట్టి సీసా మీద చిన్న అక్షరాలు చదవాలి.

దగ్గు సిరప్‌లు అసలు తీసుకెళ్లలేదు, అక్కడ కొననూ లేదు. చిన్నపిల్లలకి వాటివల్ల ఉపయోగం తక్కువ, ప్రమాదం ఎక్కువ. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ అయిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు, ఏడాది దాటినవాళ్లకి చెంచాడు తేనె చాలు. అమ్మ తులసి, మిరియాల కషాయం పలచగా కాచి తేనె కలిపి ఇస్తానంది, సంతోషంగా సరేనన్నాను. కొబ్బరినూనెలో కర్పూరం వేసి ఛాతీకి రాస్తానంటే మాత్రం వద్దన్నాను. కర్పూరం పిల్లల నోట్లోకి వెళితే ఫిట్స్ రావచ్చు. మరుగునీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టడం కూడా చిన్నవాళ్లకి వద్దు, గిన్నె ఒలికితే ఒళ్లు కాలిపోతుంది. కారణం చెబితే అమ్మ రెండూ మానేసింది. కారణం చెప్పకుండా వద్దంటేనే ఆవిడకి కష్టంగా ఉండేది.

విమానంలో పిల్లలు మాస్కులు పెట్టుకున్నారు. "తాతయ్య కోసం" అన్నాను, అంతే, ఎందుకని అడగలేదు. అబ్బాయికి దారిలో కాస్త తుమ్ములు వస్తే, మొదటి మూడు రోజులు వాడు తాతయ్యతో అరుగు మీదే, గాలిలో కూర్చుని ఆడాడు. పడుకునేది వేరే గదిలో. శానిటైజర్ బ్యాగులో ఉంది కానీ, వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ దానికి సరిగా లొంగదు. అందుకే అన్నానికి ముందు గాబు దగ్గర సబ్బుతోనే కడిగించాం.

ఇంట్లో నీళ్ల బాధ్యత అమ్మాయికి ఇచ్చింది అమ్మ. రోజూ రాత్రి టిన్ను నీళ్లు స్టీలు బిందెలో పొయ్యి మీద పెట్టేవాళ్లు. కుతకుత మరుగు పట్టాక మా అమ్మాయి అరవై అంకెలు తెలుగులో లెక్కపెట్టాలి. ఒక నిమిషం మరిగితే చాలు. మొదటి రోజు ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయింది, అమ్మమ్మ అందించింది. చల్లారాక మూతపెట్టి, పొడవాటి కాడ ఉన్న గరిటె పక్కన పెట్టేవాళ్లు. గ్లాసు ముంచితే అమ్మాయి ఒప్పుకునేది కాదు, పెద్ద మావయ్యనైనా సరే.

అరిసెలు, జంతికలు, పాకుండలు ఏవీ వద్దనలేదు. నూనెలో కాలినవి, పాకం పట్టినవి, వాటితో భయం తక్కువ. కోసి పెట్టిన పళ్లు, బయటి చట్నీలు, ఐసు మానేశాం. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే, జనంలో, దుమ్ములో అబ్బాయి చెరకు రసం కావాలని మారాం చేశాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి వాణ్ణి బొండాల బండి దగ్గరికి లాక్కెళ్లి, "రెండు కొట్టండి బాబాయ్ గారూ, స్ట్రా వద్దండీ" అంది. ఎత్తి పోసుకుని తాగింది. సగం గౌను మీద పడింది.

అన్ని జాగ్రత్తలు తీసుకున్నా వెళ్లే రెండు రోజుల ముందు అబ్బాయికి కడుపు పాడైంది. ఈసారి నాలుగు విరేచనాలతో ఆగింది. జ్వరం లేదు, రక్తం లేదు, ఒంటికి పోతూనే ఉన్నాడు. సూది వేయిస్తే తగ్గిపోద్దని పక్కింటి పిన్నిగారు చెప్పినా అక్కర్లేదని నమస్కారం పెట్టాను. ఓఆర్‌ఎస్ చెంచాతో పట్టాం. అమ్మ గంజి కాచింది. వాడు మొహం తిప్పబోతే అమ్మాయి పక్కన కూర్చుని, "అమ్మమ్మ గంజి ఇది. నేను కూడా తాగుతా" అని తనకీ ఒక గిన్నె పోయించుకుంది.

మేం వచ్చేశాక మొదటి ఆదివారం ఫోన్లో అమ్మ చెప్పింది, రాత్రిళ్లు ఇంకా ఆ బిందె కాస్తూనే ఉందట. "మీ నాన్న మానొద్దన్నారే. అరవై దాకా ఆయనే లెక్కపెడుతున్నారు."